సున్నపు నీళ్లలో చేతులు

మా అన్నకు కామెర్లని మొదట కనిపెట్టింది నేనే. డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో, ఎండలు ముదురుతున్న రోజులు. నెక్కొండ బడిలో సైన్సు పాఠాలు చెప్పి, ప్యాసింజరు బండిలో వరంగల్ చేరి, అమ్మను చూద్దామని పుట్టింటికి వెళ్లాను. అన్న పెరట్లో నూలుకు రంగు వేస్తున్నాడు. మా వాడలో ఇంటింటా మగ్గాలున్నా, రంగు పని అంటే అందరూ అన్న దగ్గరికే వచ్చేవాళ్లు. చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది కాబట్టి అవి చూస్తే ఏమీ తెలియదు. కళ్లు చూశాను. తెల్లగుడ్డు పచ్చబడి ఉంది.

"రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం అన్నా" అన్నాను.

"కామెర్లకు దవాఖానల మందే లేదంటరు చెల్లె. నర్సంపేట తొవ్వల పసరు తాత ఉన్నడు గద. జర నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు.

పసరు తాత సంగతి మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైసా ముట్టడు, తగ్గాక ఒక్క కొబ్బరికాయ కొడితే చాలు. రోగి అరచేతులకు పసరు రుద్ది, సున్నపు తేటనీళ్లలో కడగమంటాడు. తెల్లటి నీళ్లు చూస్తుండగానే పచ్చబడతాయి. అదే కామెర్లు దిగడం. రోజు విడిచి రోజు ఐదు సార్లు కడగాలి. నీళ్లు తెల్లగా మిగిలిన రోజు రోగం పోయినట్టు.

రెండోసారి నేను కూడా బస్సెక్కి వెళ్లాను. తాత చేతినే చూస్తూ కూర్చున్నాను. మొదటిసారి వచ్చినవాళ్లకు గుప్పెడు పసరు రుద్దుతున్నాడు. చివరిసారి వచ్చినవాళ్లకు వేలి కొసతో తాకించి వదిలేస్తున్నాడు. ఇంక పచ్చదనం తగ్గదా మరి! తిరుగు బస్సులో అన్నకు అదే చెప్పాను. ఒళ్లు మండి, కాస్త గట్టిగానే చెప్పాను.

అన్నకు కోపం రాలేదు. "సూడు చెల్లె, నూలుకు ఎక్కువెక్కిన రంగు నీళ్లల్ల ఎట్ల దిగుతది? మొదటి నీళ్లు చిక్కగ, రెండో నీళ్లు పల్చగ, ఆఖరికి తేట. ఇరవై ఏండ్ల సంది నేను జేసే పనే గద ఇది. నాకు నువ్వు సెప్తవా?"

ఏం చెప్పను నా తలకాయ! పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మా అమ్మకు తెలుసు, వదినకు తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసేది అలాగే కదా. అవి చూసి నెత్తురని ఎవరూ బెదరలేదు. రంగుల పనిలో పండిన మా అన్న మాత్రం ఆ పనితనం వల్లనే మోసపోయాడు. ఏమీ తెలియనివాడైతే నా మాట వినేవాడేమో.

ఆ పసరులో మామిడి వాసన తగిలింది నాకు. మర్నాడు బడి వెనకున్న మామిడిచెట్టు బెరడు గీరి, నూరి, సున్నపు నీళ్లలో వేశాను. నీళ్లు పచ్చబడ్డాయి! బడిలో పిల్లలందరి ముందూ గంతులేసినంత పని చేశాను. ఆ ముద్దను మోదుగాకులో కట్టుకుని సాయంత్రం నేరుగా పుట్టింటికి వచ్చాను. అన్నను, వదినను, అమ్మను పెరట్లో కూర్చోబెట్టి, నా చేతులకు రాసుకుని సున్నపు నీళ్లలో ముంచాను. పసుపు కలిపినట్టు అయ్యాయి నీళ్లు.

"సూసిన్రా? మరి నాకున్నయా కామెర్లు?" అన్నాను గెలిచినదానిలా.

అమ్మ లేచి వచ్చి నా కంటిరెప్ప కిందికి లాగి చూసింది. "అయ్యో బిడ్డా! నీకు గూడ అంటుకున్నదే!" అని శోకం మొదలుపెట్టింది. ఇదెక్కడి గోలరా దేవుడా అని, అమ్మ చేతులు లాగి ముద్ద రాసి ముంచాను. అవీ పచ్చబడ్డాయి. అంతే, అమ్మ నూనె మాని, ఉప్పు మాని మంచం పట్టింది. వదిన నెమ్మదిగా, "రేపు అందరం పోదాం తాత కాడికి" అంది.

అన్న మాత్రం ఆ నీళ్లనే చూస్తున్నాడు. "ఏ చెట్టుది?" అని అడిగాడు.

"మామిడి బెరడు."

"నూలుకు పట్టిస్తే మంచి రంగొస్తది" అని నవ్వాడు. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "ఇంక మూడు సార్లే గద మిగిలింది. అది కానియ్యి. ఆ తర్వాత నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్త."

నేను సరే అన్నాను. ఇంత నోరున్నదాన్ని, ఆ రోజు సరే అన్నాను.

ఐదోసారి నీళ్లు తెల్లగానే ఉన్నాయి. రోగం పోయిందని వాడంతా చెప్పుకున్నారు. మర్నాడు అన్న నన్ను గుర్తుపట్టలేదు. మంచం మీద కూర్చుని, లేని నూలును రెండు చేతులతో పిండుతున్నాడు. రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. మూడో రోజు పోయాడు.

"ముందే తీసుకొస్తే బతికేవాడా?" అని డాక్టరును అడిగాను. "చెప్పలేనమ్మా" అన్నాడు. నిజమే చెప్పాడు. తాత మాత్రం ఎన్నడూ ఎవరికీ చెప్పలేనని అనలేదు. అమ్మ ఒకటే మాట పట్టుకుంది. "నీళ్లు తెల్లగైనయి. తాత నయం జేసిండు. దవాఖాన సూదులకే పోయిండు నా కొడుకు. నువ్వు ఆ మందుతోని ఆటలాడినవు." పోయేదాకా ఆ మాట మార్చలేదు.

ఏడెనిమిదేళ్లకు అన్న కొడుక్కి కామెర్లు వచ్చాయి. వదిన నాకు కబురు చెయ్యలేదు. నాకు తెలిసేసరికి ఐదుసార్లూ అయిపోయాయి, పిల్లవాడు తేరుకున్నాడు. కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయని ఏటా పాఠం చెప్పేదాన్ని. వదిన ముందు ఆ పాఠం నోటికి రాలేదు.

"ఆనాడు నువ్వు దవాఖానకు పట్టుకపోకుంటే నీ అన్న గూడ బతుకుతుండె" అంది వదిన, కోపం లేకుండా. "ఎదురు మాట్లాడినోళ్లే వచ్చి కాయ కొట్టాలెనట. లేకుంటే తిరగబెడతదట. తాత జెప్పిండు."

వెళ్లాను. తాతకు భయపడి కాదు. రేపు ఆ పిల్లవాడికి ఊరికే జ్వరం వచ్చినా అది నా వల్లనే అంటారు. అది మోసే బలం నాలో లేదు.

తాతకు చూపు తగ్గింది. వదిన నేనెవరో చెప్పగానే, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు అన్నాడు. "ఈమె సైన్సు జెప్పే టీచరమ్మ. నా మాటినక అన్నను పోగొట్టుకున్నది. ఇయ్యాల మేనల్లుని కోసం కాయ కొడతాంది."

వరుసలో ఒక పడుచు పిల్ల, మొగుణ్ణి భుజానికి ఆనించుకుని నిలబడి ఉంది. అతని కళ్లు మా అన్న కళ్లలాగే ఉన్నాయి. ఆమె నా దగ్గరికి వచ్చి, "నిజమేనా అక్కా? నేను దవాఖానకు పోదామంటున్న, మా అత్త వింటలేదు" అంది.

వదిన నన్నే చూస్తోంది. మేనల్లుడు నా పక్కనే ఉన్నాడు. వంగి కాయ కొట్టాను.

ఆమె మొగుణ్ణి తీసుకెళ్లి తాత ముందు కూర్చోబెట్టి, అతని చేతులు రెండూ చాపి పట్టుకుంది.