ఎగువ బాణం

రాన్ షీచుంగ్ కూర్చోలేని మనిషి. అరవై ఆరేళ్ళొచ్చినా బస్సులో సీటు దొరికితే పక్కవాళ్ళకిచ్చేసి కడ్డీ పట్టుకుని నిలబడతాడు. చూసేవాళ్ళు అది మర్యాదనుకుంటారు. మర్యాదా కాదు, పాడూ కాదు. కూర్చుంటే కాళ్ళు వాటంతటవే ఊగడం మొదలెడతాయి. చుంగ్‌చింగ్‌లో ఇరవై రెండో అంతస్తులో వాళ్ళిల్లు. కిటికీ నుంచి తలుపు దాకా నేల మీద ఒక చార అరిగిపోయి ఉంటుంది. భార్య దాన్ని కొడుక్కి చూపించి, "మీ నాన్న వేసిన రోడ్డు" అంటుంది.

రాన్ తండ్రి యాంగ్జీ నది ఒడ్డున భుజానికి తాడు వేసుకుని పడవలు లాగినవాడు. కొడుకైనా నీడపట్టున ఉద్యోగం చెయ్యాలని కోరుకున్నాడు. రాన్‌కి ఇరవయ్యో ఏట దొరికింది. వూ కొండల ఇరుకులో, నది రెండు పడవలు పక్కపక్కన పట్టనంత సన్నగా మెలి తిరిగే చోట, కొండ భుజం మీద ఒక గది, దాని ముందు ఒక ఇనపస్తంభం. చక్రం తిప్పి స్తంభం మీదికి పెద్ద చెక్కబాణం ఎక్కించడమే పని. మొన పైకి ఉంటే ఎగువకి పోయే లాంచీ మలుపులోకి రావచ్చు. కిందికి ఉంటే దిగువకి పడవ దిగుతోందని అర్థం, ఎదురెక్కేది బయటే ఆగాలి. వడిలో కొట్టుకొచ్చేది ఆగమన్నా ఆగదు కదా.

ఇదంతా దిగువన నదికి పెద్ద ఆనకట్ట కట్టకముందు మాట. ఇప్పుడా గదీ స్తంభమూ వంద మీటర్ల నీళ్ళ కింద ఉన్నాయి.

మో తింగ్వాన్ ఆ రోజుల్లో లాంచీ నడిపే సరంగు, రాన్ కంటే రెండేళ్ళు పెద్ద. ఎనభై మూడో సంవత్సరం, నారింజలు పూసే నెలలో ఒక పొద్దున అతని లాంచీ ఎగువకి పోతూ మలుపులో బొగ్గుపడవకి ఎదురుపోయింది. లాంచీలో కళాసీ తాన్ యువెలిన్ రెండింటి మధ్యా నలిగి చచ్చిపోయాడు. పంతొమ్మిదేళ్ళవాడు. బాణం పైకే ఉందని మో మొత్తుకున్నాడు. సిగ్నల్ స్టేషన్ పుస్తకంలో కిందికి ఉందని రాసుంది. విచారణ మూడో రోజుకి మో తలొంచుకుని, "నాకలా కనిపించిందేమో" అన్నాడు. అతన్ని లాంచీ నడపడం నుంచి తీసేసి, నదిలో తేలే గుర్తుపీపాలకి రంగులేసే పనిలో పెట్టారు. రిటైరయ్యే దాకా ఎరుపూ తెలుపూ పూశాడు.

బాణం పైకే ఉంది. రాన్‌కి తెలుసు. ఆ పుస్తకంలో రాసిన చెయ్యి అతనిదే.

అప్పట్నుంచి మో తన కళ్ళని నమ్మడు. రోడ్డు దాటుతూ పక్కవాణ్ణి అడుగుతాడు, "పచ్చదీపమే కదూ?" బజార్లో మిరపకాయలు చేతిలో పట్టుకుని, ఎర్రవేనా అని అమ్మేవాళ్ళనే అడుగుతాడు. ముప్పై అయిదేళ్ళుగా రాన్ కలిసినప్పుడల్లా ఈ ప్రశ్నలకి జవాబు చెబుతూనే ఉన్నాడు. "పచ్చదే అన్నా." "ఎర్రవే అన్నా."

ఈ వసంతంలో మో భార్య ఫోన్ చేసింది. "రెండు కళ్ళకీ శుక్లాలు తమ్ముడూ. వచ్చే సోమవారం ఆపరేషన్‌కి పేరు రాయించాం. రానంటున్నాడు. అవసరమొచ్చిన రోజే అబద్ధం చెప్పిన కళ్ళు, వాటిని బాగుచేయించుకుని ఏం చూడాలి అంటున్నాడు. ఇంకో ఏడాది పోతే గుడ్డివాడైపోతాడట. నీ మాటైతే వింటాడు, నువ్వు చెప్పు."

ఏం చెబితే వింటాడో రాన్‌కి తెలుసు. చెప్పడానికి ఇల్లు చాలదనిపించింది. ముగ్గురం కలిసి పడవ మీద కిందికి పోదాం రమ్మన్నాడు. మూడో మనిషి తాన్ యువెజెన్, చచ్చిపోయిన యువెలిన్ అక్క. పాత రేవు మెట్ల మీద వాళ్ళమ్మ నూడుల్స్ అంగడి ఉండేది, నదిమీద పనిచేసేవాళ్ళంతా అక్కడే తినేవాళ్ళు. తమ్ముడు పోయాక ఆమె పదేళ్ళు మోతో మాట్లాడలేదు. మో మాత్రం ఏటా సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ పండగ రోజున వెళ్ళి ఆ కుర్రవాడి సమాధి మీద గడ్డి పీకి, పోయినవాళ్ళకి పంపే కాగితపు డబ్బు కాల్చి వచ్చేవాడు. అలా పదకొండో సంవత్సరం యువెజెన్ కూడా చీపురు పట్టుకుని అతని పక్కన నిలబడింది. అప్పట్నుంచి ముగ్గురూ ఒకటి.

చుంగ్‌చింగ్‌లో రెండు రోజులు తిరిగారు. రాన్ మొదటిసారి నోరు తెరిచింది హోటల్లో, ముక్కలు ముంచి ఉడికించుకు తినే మిరపనూనె కుండ ముందు.

"అన్నా, నీతో ఒక మాట..."

"ముందు ఆ పేగు తీసి తినవయ్యా, రబ్బరైపోతుంది" అంది యువెజెన్. "మాటలు చల్లారినా తినొచ్చు."

రెండోసారి నది మీద వేలాడే తీగబండిలో. కింద రెండు నదులు కలిసేచోట నీళ్ళు రెండు రంగుల్లో ఉన్నాయి. మో అద్దానికి ముక్కు ఆనించి, "ఏది పచ్చది రాన్, ఎడమదా కుడిదా?" అని అడిగాడు.  రాన్ కుడిదని చెప్పాడు. అది ఎడమది. ఎందుకు తప్పు చెప్పాడో అతనికే తెలియలేదు. తీగబండి ఆగగానే జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"ఈయన కాళ్ళకింద నిప్పులు పోశారేంటి?" అంది యువెజెన్ రొప్పుతూ. "షికారుకొచ్చామా, దొంగని తరుముతున్నామా?"

పడవెక్కాక ఇంకా అన్యాయమైంది. నాలుగంతస్తుల పడవ, లోపల తివాచీలు. రాన్ పొద్దుట్నుంచి ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ నడుస్తూనే ఉన్నాడు. వాన్‌జౌ వచ్చింది, దిగి బజారు చూసి ఎక్కారు. ఫంగ్జియె వచ్చింది, గుళ్ళు చూసి ఎక్కారు. గైడు పిల్ల మైకులో కొండల పేర్లు చదువుతోంది. ఆ కొండల్ని సగం దాకా ముంచేసి, మిగిలిన సగానికి టిక్కెట్టు పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం భోజనంలో చేప వచ్చింది. పైవైపు అయిపోయాక యువెజెన్ ముల్లుని జాగ్రత్తగా తోకనుంచి ఎత్తబోయింది. పడవ మీద బతికేవాళ్ళు చేపని తిరగెయ్యరు, పడవ తిరగబడుతుందని. నదికి దూరమై ఎన్నేళ్ళయినా ఆ ముగ్గురి చేతులకీ అదే అలవాటు. మో చాప్‌స్టిక్స్ తీసుకుని చేపని నడుం పట్టుకుని బోర్లా తిప్పేశాడు.

యువెజెన్ నోట్లో ముద్ద ఆగిపోయింది. "మో అన్నా! బుద్ధుందా? పడవలో కూర్చుని!"

"పడవవాళ్ళకి కదా ఆ పట్టింపు" అన్నాడు మో. "నేను పీపాలకి రంగులేసేవాణ్ణి. నేను తిప్పితే ఏమవుద్ది? తిప్పాల్సిందేదో ఎప్పుడో తిప్పేశాను."

"అన్నా, సోమవారం ఆపరేషన్..." అన్నాడు రాన్.

"ఓహో. అందుకా నన్ను ఊరేగిస్తున్నావు? మా ఆవిడ లంచమిచ్చిందా? వద్దురా. సగం గుడ్డి హాయిగా ఉంది. చూడనివాడు తప్పు చూడడు."

రాన్ బల్లమీంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున పడవ వూ ఇరుకులో ప్రవేశించింది. యువెజెన్ ఎర్ర కండువా తీసుకుని పైడెక్కు మీద మిగతా ఆడవాళ్ళతో ఫొటోలకి పోయింది. మో ముందు కమ్మీ దగ్గర నిలబడ్డాడు. అతని కళ్ళకి కొండలు రెండు బూడిద గోడల్లా ఉన్నాయి. రాన్ అతని పక్కకి వచ్చాడు, దూరం పోయాడు, మళ్ళీ వచ్చాడు.

"మన మలుపు వచ్చిందా?" అని అడిగాడు మో. "నాకు నీళ్ళ చప్పుడు కూడా తెలీట్లేదు. చచ్చిన నీళ్ళు."

"ఇదే" అన్నాడు రాన్. తరవాత ఆగకుండా చెప్పేశాడు. "అన్నా, ఆ పొద్దున బాణం పైకే ఉంది. నువ్వు చూసింది నిజం."

ఏ పొద్దున అని మో అడగలేదు. 

"నీ ముందు ఇంకో లాంచీ ఎక్కింది. అది పోయాక బాణం దించి, మలుపుకి అవతల ఎగువనున్న స్టేషన్‌కి ఫోన్ చెయ్యాలి. నీ లాంచీ పది నిమిషాల్లో వస్తుందని తెలుసు కదా, మళ్ళీ దించి మళ్ళీ ఎక్కించడమెందుకులే అని వదిలేశాను. ఆ చక్రం ఎంత బరువో నీకూ తెలుసు. అందరం చేసేవాళ్ళమే అన్నా. గది వెనక గుమ్మడి తీగలకి పందిరి కట్టడానికి పోయాను."

"నేను ఆ రోజు కింది రేవులో ఆగాను" అన్నాడు మో మెల్లిగా. "పందుల్ని ఎక్కించుకోడానికి. అరగంట."

"ఆఁ. ఎగువవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారట. గదిలో ఎవరూ లేరు. ముందు లాంచీకి ఎత్తిన బాణం ఈపాటికి దించేసి ఉంటాననుకుని బొగ్గుపడవని వదిలేశారు. గుద్దుకున్న చప్పుడుకి నేను పరిగెత్తుకొచ్చాను. వచ్చి ముందు బాణం తిప్పాను. తరవాతే కిందికి చూశాను."

పైన ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. పడవ మలుపు తిరిగింది. తిరిగినట్టు కూడా తెలియలేదు, నది అక్కడ అంత వెడల్పుగా ఉంది.

"గుమ్మడి తీగలు" అన్నాడు మో.

"ఆఁ."

"కాసిందా ఆ ఏడు?"

"కాసింది."

"మంచిది." మో అతని వైపు తిరిగాడు. "విచారణలో నన్ను కళ్ళడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, గుర్తుందా? అక్షరాలన్నీ చదివాను, చివరి వరస దాకా. అయినా నమ్మలేదు. వాళ్ళు కాదు, నేను. నా కూతురు పుట్టినప్పుడు మెట్లమీద ఎత్తుకోలేదు, మెట్టు సరిగా కనిపిస్తోందో లేదో అని." గొంతు పెంచలేదు. "సోమవారం ఆపరేషన్‌కి వెళ్తాను. నీ మొహం ఒకసారి తేటగా చూడాలి."

"అన్నా..."

"పైకి పద. ఆమెకి చెప్పు."

"నువ్వు చెప్పరాదా అన్నా? నీ నోటితో అయితే..."

"ఇన్నేళ్ళూ తప్పు నాదేనని నా నోటితోనే చెప్పుకున్నాను ఆమెకి. నడువు."

యువెజెన్ కండువా రెండు చేతులా పైకెత్తి గాలికి వదులుతోంది. రాన్‌ని చూసి ఫోన్ అతని చేతిలో పెట్టింది. "తియ్యన్నా, కొండ మొత్తం పడాలి, నా పొట్ట మాత్రం పడకూడదు. తిండి మీదున్న శ్రద్ధ కాస్త ఫొటో మీద పెట్టు."

మో కూడా వెనకే మెట్లెక్కి వచ్చాడు. రాన్ ఫోన్ పట్టుకుని చెప్పాడు. ఈసారి పొడుగ్గా రాలేదు. బాణం పైకే ఉందని, తాను దించలేదని, పుస్తకంలో దొంగరాత రాశానని. మూడు మాటలు.

ఆమె కండువా దించింది. మడత పెట్టింది. అంచులు కుదరక విప్పి మళ్ళీ మడత పెట్టింది. రాన్‌ని కాదు, మోని అడిగింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"పావుగంట అయింది."

"మా అమ్మ పోతూ పోతూ కూడా నిన్ను తిట్టింది మో అన్నా. 'ఆ గుడ్డివాణ్ణి నా శవపెట్టె దగ్గరికి రానియ్యొద్దు' అంది. నువ్వు బయట వానలో నిలబడ్డావు. ఈయన లోపల నిలబడి పెట్టె మోశాడు." అప్పుడు రాన్ వైపు తిరిగింది. "మా అమ్మ చేతి నూడుల్స్ ఎన్ని గిన్నెలు తిన్నావు నువ్వు? ఎట్లా దిగాయి గొంతులోకి?"

 ఆమె అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

పది గంటలకి బాదుంగ్‌లో దిగి, పక్కవాగులోకి పోయే చిన్న పడవలెక్కాలి. గైడు పిల్ల జెండా ఊపుతూ వరస పెట్టించింది. మో, యువెజెన్ ఒక పడవలో ముందు బల్ల మీద కూర్చున్నారు. బల్లమీద ముగ్గురు పడతారు. యువెజెన్ తన సంచీ ఒడిలోంచి తీసి ఆ ఖాళీలో పెట్టింది. రాన్ రేవు మీదే నిలబడిపోయాడు. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు.

"ఎక్కుతావా లేదా తాతా?" అని అరిచాడు పడవ నడిపే అతను. "తాడు విప్పేస్తున్నా!"

రాన్ ఎక్కి అందర్నీ దాటుకుని, వెనక ఇంజను పక్కన కూలబడ్డాడు. పొగ మొహం మీదికి కొట్టింది. ఇంజను చప్పుడుకి ముందువాళ్ళ మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

వాగు పైకి పోయేకొద్దీ నీళ్ళు పలచబడ్డాయి. ఆనకట్ట నీళ్ళు అంతదూరం రాలేదు. ఇక్కడ ఇంకా రాళ్ళున్నాయి, వడి ఉంది, చప్పుడుంది. మో ముందుకి వంగి చెవి ఒకవైపుకి పెట్టాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తి గట్టిగా అన్నాడు.

"ఎడమకి పట్టు. కుడివైపు నీళ్ళు మెలేస్తున్నాయి, కింద రాయుంది."

పడవవాడు నవ్వాడు. "ఈ వాగు నాకు కొట్టిన పిండి తాతా. అయినా ఆ మబ్బుకళ్ళతో నీకేం కనిపిస్తోంది?"

"కనిపిస్తోంది" అన్నాడు మో. చెయ్యి దించలేదు. "పట్టు."

పడవవాడు ఒక్కక్షణం ఆ చేతివైపు చూసి, ఎందుకైనా మంచిదని ఎడమకి తిప్పాడు. నల్లటి రాయి వీపు కుడివైపునుంచి మూరెడు దూరంలో జారిపోయింది. యువెజెన్ దాన్ని చూసింది. పడవలోవాళ్ళంతా చూశారు. మో అప్పటికే తరవాతి మలుపువైపు చెవి పెట్టుకుని ఉన్నాడు.