చేంతాడు అందినంత దూరం

చైత్రం: మా పక్క స్థలంలోని పాత పెంకుటిల్లు పడగొట్టారు.
వైశాఖం: మా ప్రహరీని ఆనుకుని సెప్టిక్ ట్యాంకుకు ముగ్గు పోశారు. గోడకు ఇవతలే మా మంచినీళ్ళ బావి ఉన్నదని, ఇళ్ళ ప్లానులు మంజూరు చేసే కార్యాలయానికి అర్జీ ఇచ్చాను.
ఆషాఢం: అర్జీ అందినట్టు రసీదు అడిగితే, ముద్ర వేసే మనిషి సెలవులో ఉన్నాడన్నారు.
శ్రావణం: ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీలోనూ, ట్యాంకుకూ బావికీ మధ్య ఉండవలసిన దూరంలోనూ పక్కవారికి సడలింపు మంజూరయింది. నన్ను పిలిచి అడిగినవారు లేరు.
భాద్రపదం: ఉత్తర్వు నకలు చేతికొచ్చింది. అందులో మా బావిని ‘వాడుకలో లేని బావి’ అని రాశారు.

ఆ మూడు మాటలు చదువుతున్న వేళకే మా ఆవిడ ఆ బావి నీళ్ళతో కాఫీ కలిపి తెచ్చి నా ముందు పెట్టింది. మేముండే చోటు పేరు రాయను. బాపట్ల వైపు ఇసుక నేల అంటే చాలు, అటువంటి నేలలో పైన పోసినది కిందికి చేరడానికి ఎంతోసేపు పట్టదని నా వయసువారికి వేరే చెప్పనక్కరలేదు.

నా బాల్యం రేపల్లె వైపు గడిచింది. అక్కడ తవ్వితే నీళ్ళు పడటం వింత కాదు, తియ్యని నీళ్ళు పడటమే వింత. మా బావి నీళ్ళు అంట్లు తోముకోవడానికే పనికివచ్చేవి. మా వీధి వీధంతా తాగినది పక్కింటి పిన్ని బావి నీళ్ళే. భర్త పోయిన ఆవిడకు ఆ బావి తప్ప చెప్పుకోదగ్గ ఆస్తి లేదు గనక, నీళ్ళకు వచ్చినవారి పలకరింపులే ఆవిడ రోజును నిలబెట్టేవి.

మా నాన్నగారు మరుగుదొడ్డి కట్టించ తలపెట్టినప్పుడు, గుంట పెరట్లోనే అని అందరం అనుకున్నాం. ఆయన మాత్రం పనివాళ్ళను ఆగమని, పిన్ని దగ్గర చేంతాడు అడిగి తెచ్చారు. బావి దగ్గర పట్టి తాడు పూర్తిగా చాచినా అందని చోటే గుంట తవ్వాలన్నది మా ఇంట్లో పెద్దల కట్టుబాటు. మాది ఇరుకు స్థలం. ఎండాకాలపు లోతుకు కూడా సరిపోయే ఆ తాడు మా పెరడూ, ఇల్లూ దాటి, వీధి అరుగు దగ్గర గానీ ఆగలేదు.

పిన్నికే జాలి వేసి, “పోనీ అన్నయ్యా, తాడు కాస్త వదులుగా పట్టుకోండి. నేను చూడలేదనుకుంటాను” అంది.

“నువ్వు చూడకపోతే సరేనమ్మా, నీళ్ళు ఊరుకోవాలి కదా” అన్నారు నాన్నగారు.

అరుగు పగలగొట్టించి అక్కడే గుంట తవ్వించారు. సాయంత్రాలు ఆ మూత మీదే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మా మేనమామ వచ్చినప్పుడల్లా, “ఏంటి బావా, ఊళ్ళో అందరూ అరుగు మీద కూర్చుంటే నువ్వు దేనిమీద కూర్చున్నావో తెలుసా?” అని ఎగతాళి చేసేవాడు. “నీ చేతిలో ఉన్న పిన్ని బావి నీళ్ళ గ్లాసు ఖాళీ చేసి అప్పుడు అడగరా” అనేవారు నాన్నగారు.

తరువాత తెనాలిలో ఒక కార్యాలయంలో గుమస్తాగా చేరాను. మా పై అధికారి ముక్కోపి. అయినా ఆయన నేర్పిన ఒక్క పద్ధతి ఉద్యోగమంతా నన్ను కాచింది: వెళ్ళని చోటు గురించి రాయకూడదు, వెళ్ళినా చూడనిది రాయకూడదు. ఒక పంటకాలువ గట్టు విషయమై నేను విన్నది రాస్తే, కాగితం నా ముందే చింపి, ఎండలో అంగలకుదురు దాకా సైకిలు తొక్కించారు. ఆనాడు ఆయన్ను తిట్టుకున్నాను. ఈనాడు తలుచుకుంటున్నాను.

ఆకులు పడకుండా మా బావి మీద ఇనుప వల వేయించాము. రోడ్డు మీద నిలబడి చూసినవారికి వల కనిపిస్తుందే గాని, కింద మోటారు గొట్టం కనిపించదు. ఈ సంగతే కార్యాలయంలో విన్నవిస్తే, “మోటారు పెట్టాక అది బోరు కింద లెక్కండి, మాస్టారూ” అన్నాడు అక్కడి ఉద్యోగి. మరి వాడుకలో లేదని ఎలా రాశారంటే, “పైవాళ్ళు రాశారండి” అన్నాడు. పక్కింటి అబ్బాయి చెడ్డవాడు కాడు. “బాబాయిగారూ, అంతా పర్మిషన్‌తోనే కడుతున్నానండి. పోనీ మీక్కూడా రోజూ ఒక వాటర్ క్యాన్ వేయించమంటారా?” అని ప్రేమగానే అడిగాడు. కోపం తెప్పించే మాటయితే బదులు చెప్పేవాణ్ణి. ఆ ప్రేమకు ఒక దణ్ణం పెట్టి ఇంటికి వచ్చాను.

నిన్న కొట్టుగదిలోని పాత చేంతాడు తీసి, బావి దగ్గర నుంచి చాచాను. గోడ మీదుగా వేస్తే పక్కవారి ట్యాంకు గుంటను దాటిపోయి, ఇంకా చాలా తాడు నా చేతిలోనే మిగిలింది. ఆ రోజుల్లో సంతకం లేని ఒక తాడు మాటకు మనిషి తన అరుగు వదులుకున్నాడు. ఇవాళ ఇన్ని సంతకాలున్న ఉత్తర్వుకు బావి దాకా నడిచే ఓపిక లేకపోయింది.

కార్తీకంలో పక్కింటి గృహప్రవేశం. ఆ తరువాత ఈ నీళ్ళు తాగగలమన్న నమ్మకం నాకు లేదు. కనుక అంతకుముందే సంబంధిత అధికారులు ఈ ప్రశ్నలకు లిఖితపూర్వకంగా సమాధానమివ్వవలసిందని కోరుతున్నాను. మా బావి వాడుకలో లేదని చూసినవారెవరు? ఏ రోజున వచ్చారు? వారికి గేటు తీసినదెవరు? నిజంగా వచ్చి ఉంటే మా ఆవిడ మంచినీళ్ళు ఇవ్వకుండా పంపి ఉండదు. ఆ గ్లాసులోని నీళ్ళు ఏ బావివని వారు అనుకున్నారు?