పది నిమిషాల గడువు

మా పెద్దసారు పోయారని ఆయన నంబరుకి ఫోన్ చేస్తేనే తెలిసింది. తుఫాను తీరానికి వస్తోందని తెల్లవారుజాము నుంచీ టీవీలో చెబుతున్నారు. ఒక సలహా అడుగుదామని పదకొండు గంటలకి ఫోన్ చేశాను. ఎత్తింది ఆయన భార్య. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. "సారు ఎల్పోయేరమ్మా. పొద్దున్న కాఫీ తాగి కుర్సీలో కూకున్నారు, మరి లెగనేదు," అన్నారు. సాయంత్రానికి గాలివాన ముంచుకొస్తుందని ఒంటిగంటకల్లా తీసుకెళ్ళిపోతున్నారట. "సూడాలంటే బేగి రా," అన్నారు. వస్తానన్నాను. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది ఏడుపు కాదు, భయం. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. బరంపురం గేట్ బజారులో బట్టల దుకాణాల పైన, మూడో అంతస్తులో మా కంపెనీ గది ఉంది. అందులో బీరువా అంత ఎత్తున ఒక రౌటరు. ఇంట్లో మూలన మినుకుమనే చిన్న పెట్టె లాంటిది కాదు. చుట్టుపక్కల మా ఇంటర్నెట్ వాడే బ్యాంకులు, ఆసుపత్రులు, కాలేజీలు, సముద్రపు ఒడ్డు పల్లెల సెల్ టవర్లు, వీటన్నిటి రాకపోకలూ దాని దగ్గరికే వస్తాయి. ఏది ఎటు పోవాలో అది తేలుస్తుంది. ఛత్రపురంలో ఇంకోటి ఉంది, తీరం వైపు సంగతి అది చూస్తుంది. ఈ రెండింటినీ ఇరవై ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్నది పెద్దసారు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన తండ్రికి ఇక్కడే పుట్టారు, ఇక్కడే రిటైరయ్యారు. మూడేళ్ళుగా ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను.

నేను చేరిన రోజు ఆయనే ఆ గదిలోకి తీసుకెళ్ళారు. లోపల పుష్యమాసపు చలి, ఫ్యాన్ల హోరు. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని ఉన్నారు. మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషిని బరంపురంలో ఇంకెక్కడా చూడలేదు. "భయమేస్తందా?" అని అడిగారు. ధైర్యంగా కనబడాలని లేదన్నాను. "అలాగైతే టికే రొహొ," అన్నారు. ఒడియాలో కాస్త ఆగు అని. ఆ కాస్తా రెండు నెలలు సాగింది. అంతవరకూ కీబోర్డు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. లోలోపల తిట్టుకున్నాను కూడా.

భయస్థుడని ఆయన్ని అందరూ ఆటపట్టించేవారు. ఇంటికెళ్ళేటప్పుడు మూడు అంతస్తులూ దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి తలుపు తాళం లాగి చూసుకునేవారు. కింది దుకాణాల వాళ్ళు నవ్వితే తనూ నవ్వేవారు. మరమరాల పొట్లం మాత్రం గదిలోకి తెచ్చేవారు కాదు, ఒక్క గింజ ఎగిరి ఫ్యాన్లో పడుతుందని. మెట్ల మీద కూర్చుని తినేవారు, నాకూ దోసెడు పెట్టేవారు. నేను నేర్చుకున్నదంతా దాదాపు ఆ మెట్ల మీదే నేర్చుకున్నాను.

కీబోర్డు ఇచ్చాక రెండు నియమాలు పెట్టారు. చెయ్యబోయే పని నోటుబుక్కు కుడి పేజీలో రాయాలి. అంతకంటే ముందు, దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఎడమ పేజీలో రాయాలి. "ఎల్లడం ఎవుడైనా ఎల్తాడమ్మాయీ. తిరిగొచ్చీది ముందు రాయి," అనేవారు. రెండోది గడువు. ఏ మార్పు చేసినా పది నిమిషాల గడువుతోనే చెయ్యాలి. ఆలోపల మనం మళ్ళీ ఖాయం అని చెప్పకపోతే రౌటరు తనంతట తానే పాత పద్ధతికి వెళ్ళిపోతుంది. మేం ఇక్కడ కూర్చుని, లైను మీదుగానే ఛత్రపురం రౌటరులోకి వెళ్ళి, ఆ లైన్లనే మారుస్తూ ఉంటాం. పొరపాటున మనం వెళ్ళిన లైనునే మూసేశామంటే మనమే బయట పడిపోతాం. మళ్ళీ లోపలికి దారుండదు.

ఆ పొరపాటు ఆయనే చేశారు, ఒక పాత తుఫాను నాడు, గడువు పెట్టకుండా. సముద్రపు ఒడ్డున ఆర్యపల్లి, పొడంపేట పల్లెల వైపు టవర్లన్నీ మూగబోయాయి. కూలిన చెట్లు దాటుకుంటూ స్కూటరు మీద ఛత్రపురం వెళ్ళి సరిచేసేసరికి మూడు గంటలు పట్టింది. "ఆ మూడు గంటల్లో ఆడ ఎవుడు ఎవుడికి ఫోన్ సేసేడో, ఎవుడి ఫోన్ ఎల్లనేదో నాకేటి తెలుసు?" అన్నారు నాతో. ఆ రోజు ఎవరికీ ప్రాణహాని జరగలేదని తర్వాత తెలిసింది. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. ఇప్పటికీ భయమేనా సార్ అని అడిగాను. చేతులు చాపి చూపించారు. వణుకుతున్నాయి. "నొక్కిన పెతీసారీ ఇంతే. ఇలాగే నొక్కుతాను," అన్నారు.

ఇక సారు పోయిన రోజు సంగతి. తుఫాను వస్తే సముద్రం వెంబడి ఉన్న లైను తెగడం ఖాయం. ఈలోగా తీరపు టవర్లని కొండల వైపు నుంచి వచ్చే లైను మీదికి మార్చాలి. ఆలస్యం చేస్తే ఛత్రపురం రౌటరు మా మాట వినే స్థితిలో ఉండకపోవచ్చు. తొందరపడి తప్పు చేస్తే, జనాన్ని ఇళ్ళు ఖాళీ చెయ్యమంటున్న వేళలోనే టవర్లు పోతాయి. ఇప్పుడే మార్చనా, ఆగనా అని అడగడానికే ఆయనకి ఫోన్ చేశాను. ఆయనింటికి ఆటోలో పావుగంట. వెళ్తే చివరి చూపు దక్కుతుంది. తిరిగొచ్చేసరికి గాలి ఎలా ఉంటుందో తెలియదు.

వెళ్ళలేదు. కూర్చున్నాను. ఎడమ పేజీ రాశాను, కుడి పేజీ రాశాను, నొక్కాను. తెర బిగుసుకుపోయింది.

ఏ అక్షరం కొట్టినా పడలేదు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనిలో, ఆయన చేసిన తప్పే, అలాంటి రోజునే చేశాను. గడువు ఉంది కదా అనుకున్నాను. వెంటనే అనుమానం పట్టుకుంది. గడువు నిజంగా పెట్టానా? నోటుబుక్కులో రాసి ఉంది. రాశాను సరే, కొట్టానా? ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. పొడంపేటలో ఏ తల్లి ఏ కొడుక్కి ఫోన్ చేస్తోందో, అది మోగడం లేదేమో. తెలియకుండానే నా ఫోన్ తీసి ఆయన నంబరు మీద వేలు పెట్టాను. పెట్టి, ఆగిపోయాను. అంత ఒంటరితనం నేను ఎరగను. గోడ గడియారం చూస్తూ, వచ్చిన దేవుళ్ళ పేర్లన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను.

పదో నిమిషంలో తెర కదిలింది. టవర్లు మళ్ళీ వచ్చాయి. చూస్తే నా తప్పు కనబడింది. కొండల లైను తెరవకముందే సముద్రపు లైను మూసేశాను. వరస మార్చి మళ్ళీ రాశాను. గడువు మాట పైకి చదువుతూ కొట్టాను. ఈసారి ఒక్కొక్క టవరూ కొత్త లైను మీదికి వచ్చింది. ఖాయం చేసి, మెట్లు దిగి ఆటో ఎక్కేసరికి ఒంటిగంట దాటింది, వాన మొదలైంది.

నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయి. పిన్నిగారు నన్ను చూసి, "లైను తిప్పేవా అమ్మా?" అన్నారు. అంత దుఃఖంలో ఆవిడ అడిగిన మొదటి మాట అది. తిప్పానన్నాను. "పొద్దున్న టీవీలో తుఫాను సూసేరు. అమ్మాయి ఫోన్ సేస్తాది, సార్జింగ్ ఎట్టు అన్నారు. అదే ఆకరి మాట," అన్నారు. అప్పుడు ఏడ్చాను, గట్టిగానే.

ఏడుస్తూ ఉండగానే ఆయన ఫోన్ మోగింది. పిన్నిగారు నా చేతికిచ్చారు.

"బాబూ, పొడంపేట నుంచి. గాలి లెగిస్తే ఒకపాలి ఫోన్ సెయ్యమన్నారు గదా, సేసేను. పడవలు పైకి లాగీసినం. ఆడోల్ని, ముసిలోల్ని బడికి పంపీసినం. లైనుంటాది గదా?"

అతనెవరో నాకు తెలియదు. తీరాన ఇలా ఒక మనిషిని పెట్టుకున్నట్టు సారు నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన లేరని చెప్పడానికి నోరు రాలేదు. "ఉంటుంది," అన్నాను.

ఆడగొంతు విని అతను తడబడ్డాడు. "మరయితే గంటకోపాలి మీకే సెయ్యనా అమ్మా?" అన్నాడు.

"చెయ్యి," అన్నాను.

అతను ఫోన్ కట్ చెయ్యడం మరిచిపోయినట్టున్నాడు. ఎవరినో కేకేస్తున్నాడు, తాళ్ళు బిగించమంటున్నాడు. వెనకాల సముద్రం, దాని మీద గాలి. నేను కూడా కట్ చెయ్యకుండా, గుమ్మంలో నిలబడి, ఆ గాలి వింటూనే ఉన్నాను.