గేరు మార్చమని నేను చెయ్యెత్తిన రోజు

ఈ ప్రయాణం బర్మింగ్‌హామ్‌లో వినికిడి పరీక్ష చేసే ఒక చిన్న గదిలో మొదలైంది. మా ఆయన సుధాకర్ ఇరవై ఏళ్ళుగా నర్సు. ఎడమ చెవి ఇక రాదనీ, కుడిది సగమే మిగిలిందనీ, ఇంజిన్ల మోతకు దూరంగా ఉంటేనే ఆ సగమైనా నిలుస్తుందనీ అక్కడి అమ్మాయి గ్రాఫు మీద వేలు పెట్టి చూపించింది. ఆయన బుద్ధిగా తలూపారు. కార్ పార్క్‌లోకి రాగానే, "ఒక్కసారి, సునీతా. ఒక్క ఫుల్ పుల్ కొట్టనీ. అదైపోతే బండి అమ్మేస్తా, మాటిస్తున్నా," అన్నారు. సరేనన్నాను. అనకుండా ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

స్లెడ్ పుల్లింగ్ చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. చదును చేసిన వంద మీటర్ల మట్టి దారి. బండి వెనకాల గొలుసుతో పెద్ద ఇనుప స్లెడ్ కడతారు. బండి కదిలేకొద్దీ దాని మీదున్న బరువుల పెట్టె ముందుకు జరుగుతూ వస్తుంది, అడుగడుగుకీ లాగడం కష్టమవుతుంది. చివరి గీత దాటితే ఫుల్ పుల్. ఎక్కువగా ట్రాక్టర్లే వస్తాయి, మధ్యలో డీజిల్ పికప్‌లకు ఒక పోటీ ఉంటుంది. మాది పాత పికప్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఆటోమేటిక్ అంటే గేర్లు వాటంతటవే మారతాయని నేనూ అనుకున్నాను. వెనక అంత బరువున్నప్పుడు దాని ఇష్టానికి వదిలేస్తే, మారకూడని చోట మారి బండి చతికిలపడుతుందట. అందుకని ఆయన లోపలి భాగాలు మార్చి, లివరు జరిపితేనే గేరు మారేలా చేశారు. రెండో గేరులో బయల్దేరి, ఇంజిన్ గొంతు ఒక స్థాయికి చేరగానే మూడో గేరుకి నెట్టాలి. తొందరపడితే ఇంజిన్ రొప్పుతుంది, ఆలస్యమైతే ఊపు పోతుంది. మీటరు చూద్దామంటే బండి ముక్కు ఎగిరెగిరి పడుతుంటుంది. చెవి ఒక్కటే ఆధారం. ఆ చెవికి అడ్డం రాకూడదనే ఆయన ఐదేళ్ళుగా ఇయర్ ప్లగ్స్ పెట్టుకోలేదు. ఇప్పుడు ఆ చెవే పోయింది. అందుకే నన్ను తీసుకెళ్ళారు. ఇంజిన్ గొంతు విని చెయ్యెత్తడం నా పని.

శనివారం పొద్దున్న ఐదున్నరకి పోటీకి బయల్దేరాం. M42 ఎక్కి A42 మీదుగా వెళ్ళి, నాటింగ్‌హామ్ దగ్గర A46 పట్టుకుంటే న్యూవార్క్, ఆపైన లింకన్. అక్కడినుంచి అరగంట పొలాల మధ్య సన్నటి దారి. మామూలు కారుకి రెండున్నర గంటలు చాలు. మా వెనక ట్రెయిలర్ మీద పికప్ ఉంది కాబట్టి మోటర్‌వే మీద గంటకి అరవై మైళ్ళు దాటకూడదు, మూడున్నర పట్టింది. లాగే బండికి రానూపోనూ డీజిల్ తొంభై పౌండ్లయింది. కారు లేనివాళ్ళు లింకన్ దాకా రైల్లో వెళ్ళి టాక్సీ చేసుకోవచ్చు, ముప్ఫై పౌండ్ల దాకా అడుగుతారు, తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోండి. డ్రైవింగ్ ఆయనే చేశారు. అంటే దారంతా నా వైపున్నది ఆయన ఎడమ చెవి. ఎదురుగా అనలేని మాటలు చాలానే ఆ చెవితో అన్నాను. "వెనక్కి తిప్పెయ్యండి" అని కూడా అన్నాను, న్యూవార్క్ దగ్గర, మామూలు గొంతుతోనే. ఆయన రోడ్డు చూస్తూ ఏదో పాత కీర్తన కూనిరాగం తీస్తున్నారు, శ్రుతి తప్పి.

టికెట్ మనిషికి పదిహేను పౌండ్లు, పార్కింగ్ ఉచితం. గేటు దగ్గర ఇయర్ ప్లగ్స్ ప్యాకెట్ ఒక పౌండు. రెండు కొన్నాను.

"ఇప్పుడు వినేది నేను గదండీ. మీరు పెట్టుకోవచ్చుగా," అని కుడి పక్కకి వెళ్ళి అరిచాను.

"పెట్టుకుంటాలే," అని జేబులో వేసుకున్నారు.

బర్గర్ వ్యాన్‌లో ఒక్కోటి ఎనిమిది పౌండ్లు. ఉల్లిపాయలు వేయించే ఆవిడ సుధాకర్‌ని గుర్తుపట్టింది. "మళ్ళీ వచ్చావా, డార్లింగ్! ఈసారైనా చివరిదాకా వెళ్తావా, మధ్యలో ఆగి మాకు టాటా చెప్తావా?" అంది. ఆయన రెండు బర్గర్లకి డబ్బులిచ్చి, నవ్వి, "అవును, ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యి," అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవాల సాసు సీసా అందుకున్నాను.

ట్రాక్ చూసుకునే పెద్దాయన కీత్ నన్ను ఆయనకి ఎదురుగా కనపడే చోట, కంచె పక్కన నిలబెట్టి, నారింజ రంగు జాకెట్ ఇచ్చాడు. "కంచె దాటొద్దమ్మా. మనిషిని తీసుకురావచ్చు, చెయ్యి ఊపొచ్చు, దానికి రూలేమీ లేదు. కానీ నీ మొగుడు నీ మాట వింటాడా?" అన్నాడు.

"వినడు. చూస్తాడు," అన్నాను. కీత్ పగలబడి నవ్వాడు.

విశాఖలో ఫిజిక్స్ చదివినదాన్ని. శబ్దం నా దాకా రావాలి, నా చెయ్యి లేవాలి, ఆయన కన్ను దాన్ని పట్టాలి, చెయ్యి లివరు మీద పడాలి. ఇన్ని ఆలస్యాలు కలిస్తే గేరు ఎప్పుడు పడుతుందో లెక్క వేస్తూ, ముందు మూడు బండ్లు లాగుతున్నంతసేపూ గాలిలో చెయ్యెత్తి దించుతూ నిలబడ్డాను. అంతకుముందే ఆయన చెప్పి ఉన్నారు. "ఏదైనా పోతే చప్పుడు గుర్తుపెట్టుకో. కూర్చున్నవాడికి తేడా తెలీదు, బండి ఆగుద్ది, ఇంజిన్ ఊరికే తిరుగుద్ది. ఠప్పుమంటే చక్రాలు తిప్పే ఇనుప కడ్డీ, అదే షాఫ్ట్, విరిగినట్టు, కొత్తది వేసుకోవచ్చు. కూత పెడుతూ జారితే గేర్‌బాక్స్ లోపల ప్లేట్లు కాలినట్టు. అదైతే విప్పేది కూడా లేదు, తుక్కుకి అమ్మేస్తా."

మా వంతు మూడింటికి వచ్చింది. "ప్రార్థన నువ్వు చెయ్యి. నాకు నా గొంతే వినపడట్లేదు," అన్నారు. కుడి చెవి దగ్గర నోరు పెట్టి చేశాను. గెలిపించమని అడిగానా, ఆపమని అడిగానా, నాకే స్పష్టంగా లేదు. గెలిస్తేనే ఆగుతారు కదా.

పచ్చజెండా ఊగింది. బండి కదిలింది. నల్లటి పొగ, కాళ్ళకింద నేల వణుకు. గొంతు పెరుగుతోంది, ఇంకా పెరుగుతోంది, ఇప్పుడు. చెయ్యెత్తాను. ఆయన చూశారు. లివరు పడింది. ఇంజిన్ గొంతు ఒక మెట్టు దిగి, కుదురుకుని, మళ్ళీ ఎక్కింది. జనం లేచారు. మేం ఇద్దరం ఒక పనిని అంత సరిగ్గా ఎప్పుడు చేశామో గుర్తు లేదు. ఇంకో ఇరవై మీటర్లే. అప్పుడు ఠప్పుమంది, ఎండుకొమ్మ విరిగినట్టు.

మైదానమంతా ఆ చప్పుడు విన్నది. ఆయన ఒక్కరే వినలేదు. బండి నిలిచిపోయి, ఇంజిన్ ఊరికే అరుస్తుంటే, ఆయన నా చెయ్యి వైపే చూస్తున్నారు, తర్వాత ఏం చెయ్యాలో చెబుతానని. నా చెయ్యి ఇంకా పైనే ఉంది.

ట్రాక్టరు వచ్చి బండిని బయటికి లాగింది. కీత్ ఆయన భుజం తట్టి చాలాసేపు ఏదో చెప్పాడు. ఆయన తలూపుతూనే ఉన్నారు. ఒక్క ముక్క కూడా వినపడలేదని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో నేను నడిపాను. ఇప్పుడు నా వైపున్నది కుడి చెవి. లింకన్ దాటాం. ఆ తర్వాత అడిగారు.

"ఎట్టా వినపడింది?"

నా దగ్గర రెండు జవాబులున్నాయి. కూత పెట్టిందంటే ఈ రోజుతో అయిపోతుంది. బండి తుక్కుకి పోతుంది, మిగిలిన సగం చెవి మిగులుతుంది, ఆసుపత్రిలో ఉద్యోగం మిగులుతుంది. దానికి ఒక్క అబద్ధం చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా చెవి ఆయనకి అరువిచ్చాను కదా, దానితో అబద్ధం ఎలా చెప్పను?

"ఠప్పుమందండీ."

ఆయన మొహం విప్పారింది. పొద్దుటినుంచీ అదే మొదటి అసలైన నవ్వు. "షాఫ్టేనన్నమాట! గేరు కరెక్టుగానే పడింది. నువ్వు కరెక్టుగా ఎత్తావు. ఫుల్ పుల్ రాలేదు గదా, వచ్చే సీజన్‌కి గట్టిది వేద్దాం. నువ్వుంటే చాలు."

ఆ మాట కోసం ఎన్నేళ్ళు చూశానో. రోడ్డు మసకబారితే వైపర్లు వేశాను, వాన లేదు.

కొందరిని నష్టం ఆపుతుందంటారు. నేను చూసినంతలో నష్టం ఎవరినీ ఆపలేదు, కొంచెంలో తప్పిందన్న మాట మాత్రం మళ్ళీ బయల్దేరదీస్తుంది. నిజం చెప్పి నేనే ఆయనకి ఆ మాట ఇచ్చాను. మంచి పని చేశానని ఒక పూట అనిపిస్తుంది, రెండో పూట అనిపించదు. షాఫ్ట్ వచ్చింది, గరాజ్‌లో ఉంది.

మీరు వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, చూడదగ్గదే. ఒక్కటి మాత్రం మరవొద్దు. ఇయర్ ప్లగ్స్ ఇంటిదగ్గరే కొనుక్కుని, మొదటి బండి స్టార్ట్ కాకముందే పెట్టుకోండి, పిల్లలకి పైనుంచి ఇయర్ మఫ్స్ కూడా వెయ్యండి. ఆ ఆదివారం చర్చిలో పాట నడుస్తుండగా నా చెవుల్లో సన్నటి కూత మొదలైంది, ఇంకా ఆగలేదు. ఇంటికొచ్చి బట్టలు ఉతకడానికి జేబులు తడిమాను. ఆయన చొక్కాలో ఒక ప్యాకెట్, నా కోటులో ఒక ప్యాకెట్. రెండూ విప్పనేలేదు.