కృపావరం గారూ, మొండి మోడెమూ

మా కృపావరం గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. "పనిచేయదు" అన్న మాట చెవిన పడితే అన్నం కూడా మానేస్తారు. ఏలూరులో ఆయన పక్కింట్లో ఉంటున్న పాపానికి మా మిక్సీ, మా టార్చిలైటు, చివరికి మా మావగారి చెవిమిషను కూడా ఆయన చేతుల్లో నలిగాయి.

అన్నిటికన్నా ఎక్కువ నలిగేవి మోడెములు. కంప్యూటర్‌కి గుచ్చితే ఇంటర్నెట్ ఇచ్చే ఆ వేలెడంత పరికరాలంటే ఆయనకు ప్రాణం. ఆయన కంప్యూటర్‌ని నడిపేదేమో ఉచితంగా దొరికే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్. చాలా మోడెములు దాన్ని చూస్తే మొహం తిప్పేసుకుంటాయి. ఆయనకు అదే పండగ.

"ఏవండీ, భోజనానికి రండి" అని భార్య సుగుణ గారు పిలిచేవారు.

"ఉండు, ఇప్పుడే కళ్ళు తెరిచింది."

"నిన్నా తెరిచింది కదండీ!"

"తెరిచి మూసేసిందే!"

ఒకరోజు పొద్దున్నే కొల్లేటికోట నుంచి ఏసోబు వచ్చాడు. చేపల చెరువు దగ్గర పని అతనిది. కూతురు క్రిస్టినాకి ఇంట్లోంచే చదివే అకౌంట్స్ కోర్సుకి ఆ మధ్యాహ్నమే కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ. చర్చివాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది. మోడెమూ ఉంది. రెండిటికీ పడటం లేదు.

"దీన్లో పనిచేయదని షాపులో చెప్పేశారండీ."

అంతే! సగం తిన్న ఇడ్లీ వదిలేసి కృపావరం గారు నా బండెక్కేశారు.

వాళ్ళింట్లో మోడెము గుచ్చగానే కంప్యూటర్ దాన్ని సీడీ అనుకుంది.

"చూశారా అండీ దీని వేషాలు! మోడెమై ఉండి సీడీనని చెబుతోంది."

"అబద్ధమాడుతోందా అంకుల్?" అంది క్రిస్టినా.

"లేదమ్మా, కొత్త కదా, సిగ్గుపడుతోంది."

సిగ్గు విడిపించడానికి ఏవేవో టైపు చేశారు. అది కదల్లేదు. నేను ఫోన్ తీసి, "నా నెట్ కలిపేద్దామండీ" అన్నాను.

"ముందది జేబులో పెట్టండి!" అని కసిరారు.

టైమ్ దగ్గరపడింది. క్రిస్టినా కళ్ళల్లో నీళ్ళు. "అంతగా కాకపోతే ఈయన ఫోన్ ఉందిలేమ్మా. ఇంకొక్కసారి చూద్దాం" అంటూ మళ్ళీ టైపు చేశారు. మోడెము మీద పచ్చ లైటు వెలిగింది! ఆనందంతో ఎగిరితే ఆయన తల చూరుకి తగిలింది.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది. సీటిస్తున్నామని ఇంటర్వ్యూ చేసిన మేడం అక్కడికక్కడే చెప్పేశారు.

తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగాను. "నా ఫోన్‌తో క్షణంలో అయ్యేది కదండీ! ఆ పిల్లని అంత కంగారు పెట్టాలా?"

"మీ ఫోన్ మీతో ఏలూరు వచ్చేస్తుంది కదండీ" అన్నారాయన నెమ్మదిగా. "రేపట్నుంచి ఆ పిల్ల క్లాసులు దేంతో వింటుంది?"

ఆ మాట విన్న ఊపులో బండి వేగం పెంచాను.

"మెల్లిగా, మెల్లిగా పోనివ్వండి!" అని వెనకనుంచి ఒకటే గోల. "ఏసోబు ఇచ్చిన కొర్రమీను నా ఒళ్ళోంచి దూకేస్తోందండీ!"