బావ బండికి పలకపొడి మాటు

ఆ రోజుల్లో మార్కాపురంలో పలకల కార్ఖానాలో కొత్తగా చేరిన నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏది చెడినా నీళ్ళు పోసి నున్నగా రుద్దితే బాగుపడుతుందని. (ఇప్పటికీ పూర్తిగా పోలేదు.)

గిద్దలూరులో నాకు పెళ్ళిచూపులు కుదిర్చినవాడు మా అక్క మొగుడు. పిల్ల ఆయన తరఫు బంధువు, ఇంటి దగ్గర చిన్నపిల్లలకు చదువు చెబుతుందట. ఫోటో చూసినప్పటినుంచీ నా మనసు నా దగ్గర లేదు. బావ ఏదో పని మీద రైలెక్కుతూ తన కొత్త మోటారు సైకిలు నాకు అప్పగించాడు. "ఆదివారం దీనిమీదనే పోదాం. గీత పడిందా, ఆ సంబంధం సంగతి నాకు తెల్దు" అన్నాడు. మా బావ అలిగితే పెళ్ళిళ్ళు నిజంగానే ఆగిపోతాయి. అలాంటి బండి కార్ఖానా ఆవరణలో పలకపొడి మెత్తగా ఉన్నచోట స్టాండు దిగబడి పడిపోయింది. సీటు కింద నల్లటి ప్లాస్టిక్ ప్యానెల్ అడ్డంగా పగిలింది.

తోటివాళ్ళలో ఒకడు కాల్చిన గరిటె ఆనించి కరిగించమన్నాడు, ఇంకొకడు సన్నతీగతో కుట్టమన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక నిలబడితే మా మేస్త్రి, "ఏంది అల్లుడా, మన పొడి ఉండంగా దిగులెందుకు? జిగురులో కలిపి పట్టియ్యి, రాయైపోతాది" అన్నాడు. నిజంగానే రాయైంది, కాకపోతే బొడిపెలు బొడిపెలుగా. చేయి అలవాటు కొద్దీ ఉప్పుకాగితంతో పలకను రుద్దినట్టే మొత్తం రుద్దేశాను. బొడిపెలతో పాటు నిగనిగ కూడా పోయింది. రెండోవైపు ప్యానెల్ ఇంకా మెరుస్తూ వెక్కిరిస్తోంది. సరిజోడు కావాలని దాన్నీ రుద్దాను. చివరికి మాటు వేసింది ఎడమదానికో కుడిదానికో నాకే తెలియలేదు.

ఆదివారం బావ వచ్చి, బండి ముందే నిలబడి "బండేదిరా?" అన్నాడు.

"ఇదే బావా."

చుట్టూ తిరిగి చూశాడు. "నంబరైతే నాదే" అని గొణిగాడు. కోపం వచ్చిందో లేదో ఆయనకే తేలినట్టు లేదు. "ఎక్కు. నీ సంగతి వచ్చేటప్పుడు జెప్తా" అన్నాడు.

గిద్దలూరులో బండిని పిల్లవాళ్ళ ఇంటి పెరటి తలుపు పక్కన నిలిపి లోపలికి వెళ్ళాం. పసుపు చీరలో ఉన్న పిల్ల ఫలహారం పెట్టి, తలెత్తకుండానే వెళ్ళిపోయింది. పెద్దలు చాలాసేపు మాట్లాడి, "కబురు చేస్తాం" అన్నారు. అంటే అవుననా, కాదనా? బిక్కమొహంతో బయటికొచ్చాను. ప్యానెల్ మీద బలపంతో గుండ్రటి అక్షరాలున్నాయి. "సరే."

"ఎవురు రాసినారిది?" అంటూ బావ తుడవబోయాడు.

"ఉండనీ బావా, ఉండనీ!" అని అడ్డంగా నిలబడ్డాను.

బావ నన్ను చూశాడు, అక్షరాలు చూశాడు, పెరటి తలుపు సందులో చటుక్కున మాయమైన పసుపు చీర కొంగూ చూశాడు. "ఓరి నీ పాసుగాల! ఇందుకా అట్ల రుద్దినావు?" అని పగలబడి నవ్వాడు. కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇన్నేళ్ళుగా మా ఆవిడను అడుగుతూనే ఉన్నాను. "నేనెందుకు రాస్తా? పలకల ఊరి బండి గదా, అదే రాసుకోనుంటది" అంటుంది. ఆ బండి ఎప్పుడో పాతసామానులో కలిసిపోయింది. కానీ ఆ అక్షరాలకు ప్యాంటు రాసుకోకుండా కాలు ఎడంగా చాపి, వాన పడుతుందేమోనని మబ్బుల వంక చూస్తూ, మార్కాపురం దాకా వెనక సీట్లో కూర్చుని వచ్చిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడిమీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.