ఉప్పేసిన ఐసుపెట్టె

పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి చేల మధ్య ఉన్న ఆ ఊళ్ళో యలమంద అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆయన జాగ్రత్త. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. కళ్ళంలో కాయ ఆరబోసిన రోజుల్లో ఆకాశం మూల గుప్పెడు మబ్బు కనిపిస్తే చాలు, ఊరందరికంటే ముందు ఆయన పట్టాలు కప్పేవాడు. వాన రాకపోతే జనం నవ్వేవాళ్ళు. వచ్చినరోజు ఎవరి పట్టాల కోసం వాళ్ళు పరిగెత్తేవాళ్ళు.

ఆ జాగ్రత్త పుట్టుకతో వచ్చింది కాదు. పదిహేనేళ్ళ కిందట ఒక వేసవిలో వచ్చింది. కూతురు తేజశ్రీకి అప్పుడు పదకొండేళ్ళు. పిల్ల ఊరికే నీళ్ళు తాగేది, రోజురోజుకూ చిక్కిపోయేది. "ఎండలకి అంతేలే" అన్నాడు యలమంద. "ఒకసారి డాక్టరుకి చూపిద్దామయ్యా" అని భార్య వెంకటరావమ్మ రెండుసార్లు అడిగింది. దుక్కులు అయ్యాక చూద్దామన్నాడు. వారం తిరక్కుండా ఒక ఉదయం పిల్ల ఎంత లేపినా లేవలేదు. ఊపిరి మాత్రం బుసలు కొడుతున్నట్టు వస్తోంది. కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళారు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయిందనీ, ఇక ఉన్నన్నాళ్ళూ సూదిమందు వేసుకోవాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. "ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే..." అని ఆయన ఆగిపోయాడు. ఆయన వదిలేసిన ఆ మాటను యలమంద పదిహేనేళ్ళుగా రోజూ తన మనసులో పూర్తి చేసుకుంటూనే ఉన్నాడు.

మొదటి మూడేళ్ళూ సూది ఆయనే వేశాడు. స్కూలు వాళ్ళు నాగార్జునసాగర్ తీసుకెళ్తామంటే వద్దన్నాడు. స్నేహితురాలి పెళ్ళికి రెండు రోజులు వెళ్తానంటే ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కుని మరీ వద్దన్నాడు. పిల్ల ఎదురు చెప్పకుండానే పెరిగింది, చదివింది, పక్క మండలంలో రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. పొలాల వెంట తిరగాలి కాబట్టి బండి కొనుక్కుంది. స్కూటీ కాదు, మగపిల్లలు నడిపే నూటయాభై సీసీ బండి. దానికే యలమందకు నెల్లాళ్ళు నిద్రపట్టలేదు.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం అన్నం తింటూ తేజశ్రీ చెప్పింది.

"రెండో శనివారం నేనూ షిరీనూ కంభం వెళ్తున్నాం నాన్నా. బండ్ల మీద. చెరువు దగ్గర టెంటు వేసుకుని ఒక రాత్రి ఉండి ఆదివారం వచ్చేస్తాం."

షిరీన్ ఆమెతో పనిచేసే అమ్మాయి. సెలవు దొరికితే బండికి సామాను కట్టుకుని బయల్దేరే రకం. వెళ్తున్నాం అంది గానీ వెళ్ళనా అనలేదని యలమంద గమనించాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నూటయాభై కిలోమీటర్లు. టెంటేంది? మందెక్కడ పెడతావు? అక్కడ ఫ్రిజ్ ఉంటదా?"

"వాడుతున్న ఇన్సులిన్ పెన్నులు నెల్లాళ్ళు బయటే ఉండొచ్చు. ఎండ తగలకుండా ఉంటే చాలు. డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పలా?"

"డాక్టరు చెప్తాడు. పోయేది ఆయన పిల్ల కాదుగా!"

"పిల్లని కాదు నాన్నా. ఇరవయ్యారేళ్ళొచ్చినయ్."

వెంకటరావమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "అంత భయమైతే నువ్వు కూడా పోరాదయ్యా" అంది. ఆమె మాటవరసకే అంది. ఆయన మాత్రం దాన్నే పట్టుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం షిరీన్ వచ్చేసరికి పెరట్లో మిరపకాయలు ఆరబోసే పట్టా పరిచి ఉంది. దాని మీద యలమంద సర్దిన సామాను. పది లీటర్ల నీళ్ళ క్యాను, రెండు దుప్పట్లు, ఒక బొంత, పెద్ద టార్చి, చిన్న టార్చి, కొడవలి, పాములకని దుడ్డుకర్ర, అర బస్తా కాదు గానీ అయిదు కేజీల బియ్యం, మూడు డబ్బాల గ్లూకోజు పొడి, చక్కెర పొట్లం, బిస్కెట్లు, పాత ట్యూబు ముక్కలు, నైలాను తాడు. వీటన్నిటికీ కొసన చేపలవాళ్ళు వాడే తెల్లటి థర్మాకోల్ పెట్టె.

షిరీన్ పట్టా చుట్టూ ఒకసారి తిరిగింది.

"బాబాయ్, మనం కాపరానికి పోతున్నామా?"

"నవ్వమాకమ్మా. ఏదో ఒకటి అవసరం పడుద్ది."

ఆమె గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే పక్కకు పెట్టడం మొదలుపెట్టింది. బండి మీద బరువు ఎంత పైకి పోతే మలుపులో అంత లాగేస్తుందనీ, బరువైనవి సీటుకు ఆనించి కింద కట్టాలనీ, పైన తేలికవే ఉండాలనీ చెప్పింది. వాటి బదులు తను తెచ్చినవి పెట్టింది: టెంటు, మడిస్తే చంకలో ఇమిడే రెండు పడక సంచులు, చిన్న గ్యాసు పొయ్యి, పంక్చరు సామాను, వానకోట్లు. గ్లూకోజు ఒక డబ్బా చాలు, అది కూడా బ్యాగు అడుగున కాదు, తేజశ్రీ జేబులో. కట్టడం విషయం వచ్చేసరికి మాత్రం యలమంద ఒప్పుకోలేదు. తన ట్యూబు ముక్కలతో తనే కట్టాడు. ముప్పై ఏళ్ళుగా మిరప టిక్కీ బస్తాలు కట్టిన చేతులవి. షిరీన్ ముడి లాగి చూసి, "ఇది మాత్రం నేర్పాలి బాబాయ్" అంది. ఆయనకు కొంచెం గర్వంగా అనిపించింది.

థర్మాకోల్ పెట్టె దగ్గర పేచీ వచ్చింది. "పెట్టె వద్దు నాన్నా, నా నడుం సంచిలో పెట్టుకుంటా" అంది తేజశ్రీ. ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "సరే. నీ బండి మీదే పెట్టుకో. నీ మనశ్శాంతి కోసం" అని పెన్నులు రెండూ ఇచ్చేసింది. భోజనానికి ముందు వేసుకునేది ఒకటి, రోజుకొకసారి సాయంత్రం వేసుకునేది ఒకటి. అదనంగా ఉన్న రెండు కొత్తవి కూడా ఆయనే అడిగి తీసుకున్నాడు.

శనివారం పొద్దున్నే పెట్టెలో ఐసు నింపుకుని బయల్దేరారు. అద్దంకి దాటాక రోడ్డు ఖాళీ అయింది. ముందు షిరీన్, మధ్యలో తేజశ్రీ, వెనక పాత స్ప్లెండరు మీద యలమంద. ఆయన కళ్ళు కూతురి బండి వెనక చక్రం మీద, మనసు తన వెనక కట్టిన పెట్టె మీద. లారీ ఎదురొచ్చిన ప్రతిసారీ కూతురికి వినపడేలా హారను కొట్టేవాడు. దర్శి దగ్గర పెట్టె మూత తీసి చూశాడు. పొదిలిలో భోజనాల దగ్గర తేజశ్రీ పెన్ను తీసుకుని సూది వేసుకుని మళ్ళీ ఇచ్చింది. అప్పటికి ఐసు సగం కరిగింది.

మార్కాపురంలో టీ కోసం ఆగినప్పుడు ఎండ చురుక్కుమంటోంది. పెట్టెలో ఐసు నీళ్ళయిపోయింది. ఆడపిల్లలిద్దరూ టీ తాగుతుంటే ఆయన సందులో ఉన్న జ్యూసు కొట్టుకు వెళ్ళి ఐసు కొన్నాడు. అది కూడా కరిగిపోతే? చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో కుల్ఫీ అమ్మేవాడు గుర్తొచ్చాడు. వాడు ఐసులో రాళ్ళుప్పు వేసేవాడు. ఎంత ఎండలోనైనా కుల్ఫీ రాయిలా ఉండేది. పక్కనే కిరాణా కొట్టు. రాళ్ళుప్పు పొట్లం కొని ఐసు మీద చల్లి, పెన్నులున్న ప్లాస్టిక్ కవరును అందులో లోతుగా పూడ్చాడు. మూత బిగించి, తాడు ఇంకో చుట్టు చుట్టాడు. పొద్దున్నించీ మొదటిసారి ఆయనకు ప్రాణం కాస్త కుదుటపడింది.

షిరీన్ మేనమామ ఉస్మాన్‌కు కంభం చెరువు వెనక బత్తాయి తోట ఉంది. టెంటు వేసుకోవడానికి ఆ తోటలోనే చోటు ఇచ్చాడు. చెట్ల సందుల్లోంచి చెరువు కనిపిస్తోంది. అవతల కొండలు నీళ్ళలోకి దిగినట్టున్నాయి. తేజశ్రీ టెంటు గుంజలు పాతి, వెనక్కి జరిగి చూసుకుని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ నవ్వును యలమంద ఎప్పుడు చూశాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

పొద్దు కొండ మీదికి ఒరిగింది. ఆమె వేలు పొడుచుకుని షుగరు చూసుకుంది. రెండువందల నలభై. "దారిలో తిన్న జామకాయలు" అని నవ్వి, "నాన్నా, పెన్నులియ్యి" అంది.

పెట్టె మూత తీసి కవరు బయటికి లాగాడు. వేళ్ళు జివ్వుమన్నాయి. కవరు పలకలా బిగుసుకుపోయి ఉంది. తేజశ్రీ ఒక పెన్ను మూత తీసి వెలుతురుకు ఎత్తి పట్టింది. లోపల మందు తెల్లగా గడ్డకట్టింది. రెండోది అంతే. కొత్తవాటిలో ఒకదాని గాజు గొట్టం నిలువునా చిట్లింది.

"ఏం వేశావు నాన్నా ఇందులో?"

"ఐసే."

"ఐసు ఒక్కటే అయితే ఇట్లా గట్టిపడదు."

"ఉప్పు..." ఆయన పెట్టె మూత చేతుల్లో తిప్పాడు. "కుల్ఫీవాళ్ళు వేస్తారుగా, కరగకుండా ఉంటదని, కాస్త ఉప్పు."

"ఇది కుల్ఫీ కాదు నాన్నా!"

కూతురు అంత గట్టిగా అరవడం ఆయన ఎన్నడూ వినలేదు. "ఎండలో పెడదాం, కరుగుద్దిగా" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకసారి గడ్డకట్టిందంటే మళ్ళీ కరిగినా అది పనిచేయదు. నీళ్ళు పొడుచుకున్నట్టే.

షిరీన్‌ను తోటలో ఉంచి, తండ్రీ కూతుళ్ళు స్ప్లెండరు మీద కంభం ఊళ్ళోకి వెళ్ళారు. బండి ఆమే నడిపింది. వెనక కూర్చున్న యలమంద చెవుల్లో ఆ పాత ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. కూతురి వీపు పైకీ కిందికీ కదలడం చూస్తూ, మామూలుగానే పీలుస్తోందా, వేగంగా పీలుస్తోందా అని లెక్కపెడుతున్నాడు. ఆ వేసవిలో తెలియక చేశాడు. ఇప్పుడు తెలిసి, జాగ్రత్త అనుకుని చేశాడు. ఏది పెద్ద తప్పో ఆయనకు అర్థం కాలేదు.

మొదటి మందుల షాపులో అతను చీటీ చూసి పెదవి విరిచాడు. "ఈ పెన్నులు మేం తెప్పించమండీ. మార్కాపురంలో ఉంటాయేమో." రెండో షాపులోనూ అదే మాట.

"మార్కాపురం పోదాం పద. ముప్పై కిలోమీటర్లే. లేకపోతే అటునుంచటే ఒంగోలు పోదాం. ఆస్పత్రిలో చేర్పిద్దాం. పదమ్మా, కూర్చో!" యలమంద బండి మీదికి ఎక్కి కిక్కు కొడుతున్నాడు. తాళం తిప్పలేదన్న సంగతి కూడా చూసుకోలేదు.

"ఆగు నాన్నా."

"ఆగేదేంది? అప్పుడు ఆగబట్టే..."

"నాన్నా." ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "నాకు ఇప్పుడు బాగానే ఉంది. ఇంకో రెండు గంటలైనా ఏం కాదు. నన్ను ఆలోచించుకోనియ్యి."

గుంటూరు డాక్టరుకు ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మూడోసారి ఎత్తాడు. యలమంద అరుగు మీద కూర్చుని కూతురి పెదవుల వైపే చూస్తున్నాడు. ఆమె వింటోంది, అరచేతి మీద రాసుకుంటోంది, "సరే సార్, మళ్ళీ చూసి చెప్తాను సార్" అంటోంది. ఫోను పెట్టేసి షాపతనితో, "పెన్నులొద్దండీ. మామూలు సీసాలు ఉన్నాయా? పాతకాలం రకం?" అని రెండు పేర్లు చెప్పింది.

"అవైతే ఎప్పుడూ ఉంటాయమ్మా" అని అతను వెనక ఫ్రిజ్ తెరిచాడు.

సీసాలు రెండు, ఎర్రమూత సిరంజీలు కొన్ని. షాపు పక్క బెంచీ మీద కూర్చుని మందు లాగింది. గాలి బుడగ పోయేలా సిరంజిని గోటితో కొట్టింది. యలమంద చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. తనే పొట్టమీద వేసుకుని దూదితో అద్దింది. "గంటాగి చూద్దాం. తగ్గకపోతే నువ్వు చెప్పినట్టే పోదాం" అంది.

ఆ గంట ఆ బెంచీ మీదే గడిచింది. రెండువందల డెబ్బై దాకా పోయిన అంకె రెండువందల ఇరవైకి వచ్చింది. తర్వాత తోటకు వెళ్ళాక నూట డెబ్బై. ఉస్మాన్ ఇంటి నుంచి జొన్నరొట్టెలు పంపాడు. తేజశ్రీ తింది. యలమంద తినలేకపోయాడు.

తెల్లారి టెంటు బయట చలికి ముడుచుకుని కూర్చున్న తండ్రి దగ్గరికి ఆమె టీ తెచ్చింది. ఇద్దరూ చెరువులో పడవ పోతుంటే చూశారు.

"కోపమొచ్చింది నాకు," అంది.

"రావాల్సిందేగా."

"ఉప్పుకి కాదు. పదిహేనేళ్ళుగా నా మాట కాక మిగతా అందరి మాటా వింటావు. కుల్ఫీవాడి మాట కూడా విన్నావు."

యలమంద టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు సూది వేసుకోవడం నేను సరిగా చూసి పదేళ్ళయిందమ్మా," అన్నాడు. "చూడలేక తల తిప్పుకునేవాణ్ణి. నిన్న చూశా. నాకంటే బాగా వేస్తన్నావు."

ఇంటికి వచ్చాక జరిగింది జరిగినట్టు వెంకటరావమ్మకు చెప్పాడు. ఆమె తిట్టాల్సినంతా తిట్టింది. ఆ నెలాఖరున తేజశ్రీ గుంటూరు వెళ్తుంటే ఆయన కూడా వెళ్ళాడు. అన్నేళ్ళూ వరండాలోనే కూర్చునే మనిషి ఈసారి లోపలికి వెళ్ళి డాక్టరు ముందు కూర్చున్నాడు. బయట ఎన్ని రోజులు ఉంటుంది, ఎంత వేడి తగలకూడదు, ఎంత చలి తగలకూడదు, షుగరు పడిపోతే ముందు ఏం చెయ్యాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి, ఎప్పుడు పరిగెత్తక్కర్లేదు అని వరసగా అడిగాడు. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. చివరికి నవ్వి, "ఇవన్నీ అమ్మాయికి తెలుసండీ" అన్నాడు. "తెలుసండి. నాకు తెలవాలి" అన్నాడు యలమంద.

ఫిబ్రవరిలో తేజశ్రీ, షిరీన్ కొత్తపట్నం సముద్రం దగ్గరికి బయల్దేరారు. అప్పుడు కోతలు, యలమంద వెళ్ళే వీలు లేదు. వీలున్నా రమ్మనలేదు వాళ్ళు. ఆయన టైర్లలో గాలి చూశాడు, బ్యాగులు లాగి చూశాడు. పెన్నులు ఎక్కడున్నాయని అడగలేదు. అడగకుండా ఉండడానికి గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. బండ్లు మలుపు తిరిగాక చేలోకి వెళ్ళి కూలీలకు సంచులు అందించసాగాడు. పదకొండుకి ఒకసారి, పన్నెండుకి ఒకసారి ఫోను తీసి చూశాడు. ఒంటిగంటప్పుడు ఇసక మీద నిలబెట్టిన రెండు బండ్ల ఫొటో వచ్చింది. కింద ఒక్క అంకె రాసి ఉంది: 128.

యలమంద ఆ అంకెను పక్క సాలులో కాయ కోస్తున్న వెంకటరావమ్మకు చూపించాడు. ఫోను జేబులో పెట్టి, మళ్ళీ బయటికి తీసి, మోగుతుందో లేదో శబ్దం పెంచి చూసుకున్నాడు.